గాలిని తోల్కొచ్చే మా పెద్దత్త

మొన్న మిట్టమధ్యాహ్నం మా ఇంట్లో కరెంటు పోయింది. మేముండే సుబేదారి పేటలో ఎండాకాలం కరెంటు పోవడం వింతేమీ కాదు. కానీ ఆ సమయానికి నా ఒళ్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది. దానికి రెండేళ్లుగా ఆయాసం. ముక్కుకు మాస్కు, మాస్కుకు గొట్టం, గొట్టానికి నెబులైజర్, నెబులైజర్‌కు కరెంటు. గుర్రుమంటున్న మిషను టక్కున ఆగిపోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించాలని నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాం. మా ఇంట్లో అనుకోవడమే పెద్ద పని.

పిల్లను భుజాన వేసుకుని బాల్కనీలోకి వచ్చాను. ఎదురింటి వేపచెట్టుకు ఒక్క ఆకు కదలడం లేదు. పిల్ల గుండెల్లోంచి పిల్లికూతలు వినిపిస్తున్నాయి. దాని తల్లి, అంటే నా కూతురు, ఆఫీసు నుంచి ఫోను చేసింది. ఫోను స్పీకర్లో పెట్టి గోడ మీద ఉంచాను. ఏం చెప్పాలో ఆలోచించేలోపే నా కళ్లు మూతపడ్డాయి. పెదాలు గుండ్రంగా చుట్టుకున్నాయి. 'ఊ...' అని సన్నగా ఒక కూత నా గొంతులోంచి వచ్చింది. చిన్నప్పుడు, ఈ జన్మలో మళ్లీ ఆ పని చేయనని ఒట్టు పెట్టుకున్నదాన్ని నేను. అరవై దాటాక, బాల్కనీలో నిలబడి, పక్కింటివాళ్లు చూస్తుండగా అదే పని చేశాను.

కాసేపటికి పిల్లికూతలు ఆగిపోయాయి. పిల్ల చెయ్యి నా వీపు మీద మెల్లగా తట్టింది. మూడుసార్లు.

"కూత వినవడ్తలేదు. తగ్గిందా అమ్మా?" ఫోనులో నా కూతురు.

నోరు తెరిచాను. నాకు నోరెక్కువని మా చుట్టాలందరూ ఒప్పుకునే సంగతే. అలాంటిదాన్ని, ఒక్క మాట చెప్పలేక కొయ్యబారిపోయాను. ఆ తర్వాత ఏం చేశానో చెప్తాను. కానీ ముందు మా పెద్దత్త సంగతి చెప్పాలి. లేకపోతే మీరు కూడా నా కూతురులాగే ముసలిదానికి చాదస్తం ముదిరిందని అనుకుంటారు.

మాది కేసముద్రం దగ్గర ఒక పల్లె. టౌనుకూ మా ఊరికీ మధ్య రైలు పట్టాలు, వాటి మీద ఒక గేటు. ఇప్పుడు అక్కడ వరి కోసేదీ మిషనే, వడ్లు వేరు చేసేదీ మిషనే. పొలంలోంచి వడ్లు నేరుగా ట్రాక్టర్లోకి పోతాయి. నేను చెప్పేది ఆ మిషన్లు రాకముందు మాట. అప్పుడు ప్రతి రైతుకూ ఒక కల్లం ఉండేది. నేల చదును చేసి, పేడతో అలికి, దాని మీద పంట నూర్చేవాళ్లు. నూర్చిన తర్వాత గింజా, పొట్టూ, తాలూ, మట్టీ అన్నీ కలిసి ఒకటే కుప్ప. ముక్కాలిపీట మీద ఒక మనిషి ఎక్కి, చాట నిండా ఆ కుప్పను తలపైకి ఎత్తి, సన్నగా కిందికి వదలాలి. గాలి వీస్తే గింజ నిటారుగా కింద పడుతుంది, పొట్టు పక్కకు ఎగిరిపోతుంది. దాన్నే తూర్పార పట్టడం అంటారు. గాలి లేకపోతే మాత్రం ఎంత పెద్ద రైతయినా చాట పట్టుకుని ఆకాశంలోకి చూడటమే. గాలి లేని కల్లం, కరెంటు లేని నెబులైజర్ ఒకటే.

అలా ఆకాశంలోకి చూసే రోజుల్లో ఊరంతా మా ఇంటికి వచ్చేది. "మీ అక్కను జర తోలియ్యరాదే," అని మా బాపును అడిగేవాళ్లు.

మా బాపుకు అక్క, నాకు పెద్దత్త. పెనిమిటి పోయి, నేను పుట్టకముందే మా ఇంటికి వచ్చేసింది. పొడుగు మనిషి. నోట్లో ఎప్పుడూ వక్కముక్క ఉండేది. ఎవరినైనా ఎక్కిరించకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదు. కల్లానికి పిలిస్తే, పిలిచినవాళ్లను ఒక నాలుగు మాటలని, తర్వాత పోయేది. పీట ఎక్కి చాట పైకెత్తి కళ్లు మూసుకునేది. పెదాలు గుండ్రంగా చేసి 'ఊ...' అనేది. ఈల కాదు, పాట కాదు. చంటిపిల్లను దగ్గరికి పిలిచేటప్పుడు తల్లి చేసే చప్పుడు అది. మగవాళ్లు బీడీలు ఆర్పి కూర్చునేవాళ్లు. కాసేపటికి ఎక్కడో చింతచెట్టు కొమ్మ కదిలేది. ఇంకాసేపటికి పొట్టు ఎగిరేది.

నిజంగా ఆమె పిలిస్తేనే గాలి వచ్చేదా అంటే, నన్నడగొద్దు. మా అమ్మ మాత్రం నమ్మేది కాదు. పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతూ అనేది, "మీ అత్తకు గాలి ఏ యాళ్లకు లేస్తదో ఎరుకనే. చీమలను జూస్తది, మబ్బును జూస్తది, అప్పుడు పీటెక్కుతది. గంతే."

పెద్దత్త నవ్వేది. "గట్లనే అనుకో పిల్లా. నీ సొమ్మేం బోయింది?"

ఇంత గాలిని పిలిచే మనిషికి దమ్ము ఉండేది. ఆయాసాన్ని మా దగ్గర అలాగే అంటారు. ఏళ్ల తరబడి కల్లాల దుమ్ము పీల్చి పీల్చి వచ్చిందని అందరూ అనేవాళ్లు. దమ్ము లేచినప్పుడు నులకమంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి కోసం కొట్టుకునేది. వాకిట్లోకి వినపడేలా పిల్లికూతలు. మా అమ్మ మిరియాల కషాయం కాచేది. ఇప్పటికీ మిరియాలు నలిగిన వాసన వస్తే నాకు భోజనం సహించదు.

ఒక వానాకాలం ఆమె చావు దాకా వెళ్లి వచ్చింది. రైలుగేటు అవతల, గేటుకు కూతవేటు దూరంలో ఒక డాక్టరు ఉండేవాడు. ఆయన మా బాపును పక్కకు పిలిచి, దుమ్ములోకి పోతే ఈసారి తన చేతిలో కూడా ఉండదని చెప్పాడు. బాపు ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, మంచం ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఇగ నువ్వు కల్లంల అడుగు పెడితే నా మీద ఒట్టే."

ఆమె నోట్లో వక్కముక్క ఉమ్మేసింది. తర్వాత నన్ను చూపించింది. "సరే తమ్మీ, అడుగు పెట్టను. నా కోడలు పిల్లకు నేర్పుత. మీకు గాలి గావాలె, గంతే గదా."

అలా నా చదువు మొదలైంది. పలకా బలపం చదువు నాకు ఎలాగూ ఎక్కలేదు.

మొదట ఒక ఇత్తడి పళ్లెంలో జిల్లేడు దూది పెట్టింది. తలుపులు మూసి, "దీన్ని లేపు," అంది. నేను బుగ్గలు పూరించి ఊదబోతే నెత్తి మీద మొట్టింది.

"ఊదుతే ఎవ్వలైన లేపుతరు. నోటితోని కాదే, మనసుతోని లేపు."

"మనసుతోని ఎట్ల లేపుతరత్తా?"

"గాలి మనలను మరిచిపోయి ఏడనో పండుకుంటది. దానికి మనం యాది చెయ్యాలె. అది ఉన్న కాడికి పోయి, చెయ్యి వట్టుకొని తోల్కరావాలె."

తోవ కూడా ఆమే చెప్పింది. కళ్లు మూసుకోవాలి. ముందు పడమటి గుట్ట దగ్గరికి పోవాలి. అక్కడ పడుకుని ఉంటుంది, లేపాలి. తాటిచెట్ల వరుస మీదుగా నడిపించుకు రావాలి. రైలుగేటు దగ్గర అది బెదిరి నిలబడిపోతుంది, చెయ్యి వదలకూడదు. గేటు దాటించి, మిరపచేన్ల మీదుగా, మా చింతచెట్టు మీదుగా, కల్లంలోకి తేవాలి. ఒక్కచోట కూడా దాటేయకూడదు. ఒక్క తాటిచెట్టు మరిచినా మళ్లీ గుట్ట దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

"అన్నిటికన్న కష్టం ఆఖరి జానెడు," అనేది. "గంత దూరం వచ్చి, చాట ముంగట ఆగుతది. ఆడ బతిలాడాలె."

నేను కళ్లు మూసుకుని నడుస్తుంటే, ఆమె నా వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేసేది. గాలి వచ్చిందనగానే అరచేత్తో మూడుసార్లు తట్టేది. అది మా ఇద్దరికీ గుర్తు. మూడు తట్లు పడ్డాయంటే, వచ్చింది, ఇక కళ్లు తెరువు అని. విచిత్రమేమిటంటే తట్లు ముందు పడేవి, గాలి తర్వాత తగిలేది. నా చెంపకు తగలకముందే ఆమెకు ఎలా తెలిసేదో నాకు ఈనాటికీ తెలియదు.

జిల్లేడు దూది పదిహేను రోజులకు కదిలింది. తలుపు సందులోంచి గాలి వచ్చిందని మా అమ్మ అంది. నేను ఒప్పుకోలేదు. ఆ రోజు పెద్దత్త నా కోసం సర్వపిండి చేయించింది. అంచు మాడి కరకరలాడే ముక్క, పల్లీలు ఎక్కువ పడ్డ ముక్క, ఏరి నా చేతిలో పెట్టింది. ఊళ్లో నా అంత గొప్పది లేదనుకున్నాను.

గొప్ప వచ్చాక ఊరుకుంటానా? మా బడి సారు మధ్యాహ్నం అన్నం తిని, ముఖం మీద న్యూస్ పేపరు కప్పుకుని కునుకు తీసేవాడు. ఆ పేపరు లేపుతానని పక్కింటి పిల్లతో పందెం కాశాను. ఓడితే నా రేగుపళ్లన్నీ దానికి, గెలిస్తే దాని రిబ్బను నాకు. కళ్లు మూసుకుని గుట్ట దగ్గరికి పోయాను. తాటిచెట్లు, గేటు, మిరపచేన్లు. ఇంతలో దడాలున కిటికీ కొట్టుకుంది. కళ్లు తెరిచేసరికి పేపరు బయట వాకిట్లో ఉంది, దాన్ని ఒక మేక నములుతోంది. పిల్లలందరూ పగలబడి నవ్వారు. పక్కింటి పిల్ల రిబ్బను ఇవ్వాల్సి వస్తుందని సారుకు నా పేరు చెప్పేసింది. గాలిని పిలిచినందుకు బెత్తం దెబ్బలు తిన్నది జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పెద్దత్త వాచిన అరచేతులకు నూనె రాస్తూ ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మాత్రం చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పని లేకుంట పిలువద్దు బిడ్డా. మనకు పిలుసుడు ఒక్కటే వచ్చు. ఆపుడు రాదు."

"నీకు గూడ రాదా?"

"నాకు గూడ రాదు."

ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు.

ఎండాకాలం కోతకొచ్చే యాసంగి పంట వచ్చింది. మా వరి బాగా పండింది. నూర్చి, కుప్ప పోశాం. అంతే, గాలి చచ్చిపోయింది. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. కల్లంలో కూర్చుంటే చెమట తప్ప ఏమీ కదలదు. తూర్పున మబ్బు పట్టడం మొదలైంది. గాలిదుమారం లేచి వాన పడితే కుప్ప నానిపోయి వడ్లు మొలకలెత్తుతాయి. ఏడాది తిండి అది. చుట్టుపక్కల కల్లాల వాళ్లు మా బాపు దగ్గరికి వచ్చారు.

"ఒక్క గడియ మీ అక్కను తీస్కరారాదే. ఆమె పీటెక్కితే గాని గాలి రాదు."

"పీటెక్కితే మా అక్క పాణం బోతది," అన్నాడు బాపు. "వడ్లు పోతే పోనీయ్."

అప్పుడు నేను లేచాను. "బాపూ, నేను పిలుస్త."

నవ్వినవాళ్లు నవ్వారు. బాపు నవ్వలేదు. నన్ను ఎత్తి పీట మీద నిలబెట్టాడు. కళ్లు మూసుకున్నాను. గుట్ట దగ్గరికి పోయాను. లేపాను. లేవలేదు. మళ్లీ పోయాను. 'ఊ...' అన్నాను. ఎండ నెత్తిని మాడుస్తోంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పక్క కల్లం తాత గట్టిగా అన్నాడు, "ఓ పొల్లా, ఇగ దిగవే. నువ్వు గాలిని పిలుస్తానవా, పిట్టలను కొడుతానవా?" పెద్ద నవ్వు లేచింది.

పీట మీద నుంచి దూకి ఇంటికి పరుగెత్తాను. పెద్దత్త మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమె ముందు నిలబడి ఏడుస్తూ అరిచాను.

"నువ్వు నాకు అబద్ధం నేర్పినవ్! అందరు నవ్విన్రు!"

నేను నా జీవితంలో చాలామందిని చాలా మాటలు అన్నాను. వాటిలో వెనక్కి తీసుకోగలిగితే ముందు ఈ మాట తీసుకుంటాను.

ఆమె చింతపండు పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది. తడిపిన చీర పేలిక ఒకటి ముక్కుకు అడ్డంగా కట్టుకుంది. మా అమ్మ ఎదురొచ్చి, "వద్దు వదినె, నీకు దండం బెడ్త," అంది.

"నేను కల్లంల అడుగు పెట్టనే. అంచుకు బయట నిలవడ్త. పీటను అంచుకు జరుపుకుంటే పిల్ల వీపు నాకు అందుతది. పొట్టు అటు తూర్పుకు పోతది, నా మీదికి రాదు. తమ్మి ఒట్టు గూడ పోదు."

అలాగే నిలబడింది. కల్లానికి పడమటి అంచు బయట, చెప్పిన మాట తప్పకుండా. బాపు అరిచాడు, బతిమాలాడు. ఆమె వినలేదు. నేను పీట ఎక్కాను. ఆమె చెయ్యి నా వీపు మీద పడింది. నవ్వినవాళ్లందరూ నోరు మూసుకున్నారు. ఆమె చెయ్యి పడగానే గుట్ట నాకు దగ్గరైంది. తాటిచెట్లు ఒక్కొక్కటి లెక్కగా దాటాను. గేటు దగ్గర చెయ్యి వదల్లేదు. మిరపచేన్లు. చింతచెట్టు. ఆఖరి జానెడు దగ్గర బతిమాలాను.

మూడు తట్లు పడ్డాయి.

తర్వాత గాలి వచ్చింది. నా వెనక నుంచి, మెత్తగా, ఒకే తీరుగా. చాటలు లేచాయి. అన్ని కల్లాల్లోనూ ఒకేసారి పొట్టు లేచి తూర్పుకు పోవడం మొదలైంది. వడ్లు కింద సన్నటి చప్పుడుతో పడుతున్నాయి. పక్క కల్లం తాత నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. నాకు ఆ క్షణంలో ఏ కోరికా మిగలలేదు. వెనక్కి తిరిగి, ఇక ఇంటికి పో అత్తా అని చెప్పాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

గాలి తిరిగింది. తూర్పు మబ్బు కింద నుంచి ఒక్క దెబ్బలో ఎదురుగాలి లేచింది. అప్పటిదాకా అటు పోయిన పొట్టూ దుమ్మూ మొత్తం ఇటు మళ్లి మా మీద పడింది. కళ్లలో, నోట్లో, ముక్కులో. ఏమీ కనిపించలేదు. ఆ దుమ్ములో నా వెనక పిల్లికూత వినిపించింది.

దూకి చూసేసరికి ఆమె నేల మీద కూర్చుని ఉంది. పేలిక ఊడిపోయింది. భుజాలు ఎగురుతున్నాయి. నేను కళ్లు గట్టిగా మూసుకుని గాలిని వెనక్కి తోలాలని చూశాను. చింతచెట్టు దాకా పో, గేటు దాకా పో, గుట్టకు పో. అది నా మాట వినలేదు. "అత్తా, ఎట్ల ఆపాలె? చెప్పత్తా, ఎట్ల ఆపాలె?" అని భుజాలు పట్టుకుని కుదిపాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అంతే.

ఎడ్లబండి కట్టారు. నేను బండిలో ముందు ఎక్కి కూర్చున్నాను, ఆమెను నా మీదికి ఆనించారు. ఒక చెయ్యి నా వీపు చుట్టూ వేసి పట్టుకుంది. బాపు ఎడ్లను పరుగెత్తించాడు. నాకు తోచిందొకటే. గాలిని ఆపడం రాకపోతే, దాన్నే ఆమె లోపలికి తోల్కొస్తాను. కళ్లు మూసుకున్నాను. చుట్టూ అంత గాలి ఉంది, గుట్ట దాకా పోవలసిన పని కూడా లేదు. చెయ్యి పట్టుకుని ఆమె ముఖం దాకా తెచ్చాను. ముక్కు నుంచి గుండె దాకా ఎంత ఉంటుంది? జానెడు. ఆ జానెడు దగ్గర నిలబడి, తెలిసిన దేవుళ్లందరి పేర్లూ చెప్పి బతిమాలాను.

గేటు దగ్గరికి చేరాం. గేటు పడి ఉంది. గూడ్సు వస్తోందని గేటుమనిషి చెప్పాడు. ఇంకా కనిపించడం లేదు. అవతల డాక్టరు ఇల్లు కనిపిస్తోంది, అరుగు మీద ఆరేసిన తువ్వాలు కూడా కనిపిస్తోంది. బాపు బండి దిగి, "నేను ఎత్తుకొని పట్టాలు దాటుత, నువ్వు ఈడనే ఉండు," అని ఆమె కింద రెండు చేతులూ పెట్టాడు.

అప్పుడు నా వీపు మీద తట్టింది. ఒకటి, రెండు, మూడు.

కళ్లు తెరిచాను. పిల్లికూతలు ఆగిపోయాయి. అంతసేపు ఎగిరిన భుజాలు దిగాయి. కళ్లు సగం మూసుకుని నెమ్మదిగా ఉంది. వచ్చింది! నేను తోల్కొచ్చాను! ఆఖరి జానెడు దాటించాను!

"బాపూ, తగ్గింది!" అని అరిచాను. "అత్తకు తగ్గింది! గాలొచ్చింది, నాకు చెప్పింది!"

బాపు ఆమె ముఖంలోకి చూశాడు. కూత లేదు. కొట్టుకోవడం లేదు. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. రుమాలుతో ముఖం తుడుచుకుని, బండి చక్రానికి ఆనుకుని, ఒక్క నిట్టూర్పు విడిచాడు. "సరే, గేటు తీయనీ," అన్నాడు. 

అప్పుడు గూడ్సు వచ్చింది. ఎన్ని డబ్బాలో, ఎంతకూ అయిపోలేదు. దానితో పాటు వచ్చిన గాలికి బండిలోని గడ్డి లేచిపోయింది, ఎడ్లు వెనక్కి జరిగాయి, ఆమె చీర కొంగు నా ముఖానికి కొట్టుకుంది. అంత గాలిలో ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నేను సంతోషంగా, "పీల్చుకో అత్తా, పీల్చుకో," అంటున్నాను.

గేటు తీశారు. డాక్టరు బండి దగ్గరికే వచ్చాడు. గుండె మీద గొట్టం పెట్టి, చెవుల్లోంచి తీసేశాడు. మా బాపును చూసి, ఇంతసేపు ఏం చేశారని అడిగాడు.

ఆ తర్వాత మూడు రోజులు గాలి ఆగలేదు. మబ్బు కూడా చెదిరిపోయింది. ఊరంతా తూర్పార పట్టుకున్నారు, మా వడ్లు కూడా పట్టారు. ఆ అన్నం ఏడాది పొడుగునా తిన్నాం.

నేను అరిచిన మాట బాపు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు. అడిగినవాళ్లందరికీ, "గేటు వడ్డది, ఏం జేస్తం," అనేవాడు. పోయేదాకా అదే మాట. ఒకసారి నాకు జ్వరం వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని, "నువ్వు అన్నవని ఆగలేదు బిడ్డా, ఎత్తరాక నాకే చేతులు గుంజినయి," అన్నాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నేనెప్పుడు ఏం అడిగినా కాదనని మనిషి, నా తప్పు కూడా తానే మోసుకుని పోయాడు.

ఆ తట్లకు అర్థం ఏమిటో మాత్రం నాకు తెలియలేదు. రైలు గాలి రాబోతోందని అందరికన్నా ముందు ఆమెకు తెలిసిందా? నేను ఏడవకుండా సముదాయించిందా? నన్ను కిందికి దించండి అందా? కూత ఎందుకు ఆగింది? నిజంగా కాసేపు తగ్గి, మళ్లీ లేచిందా? ఇన్నేళ్లు అడిగే మనిషి లేక, నాలో నేనే అడుక్కున్నాను.

ఇక మొన్నటి సంగతి. ఫోనులో నా కూతురు తగ్గిందా అని మళ్లీ అడిగింది. పిల్ల మెడ నా భుజం మీద వాలిపోయి ఉంది. నేను ఫోను గోడ మీదే వదిలేసి, తలుపు కూడా వేయకుండా, చెప్పులు లేకుండా మెట్లు దిగాను. రోడ్డు మధ్యలో నిలబడి ఒక ఆటోను ఆపాను. అందులో ఎవరో కూర్చుని ఉంటే దింపేశాను. దవాఖానలో నర్సు టోకెన్ తీసుకొమ్మంటే ఆమెను ఏమన్నానో రాయను.

పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. సూది వేశారు. చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. చిన్నవాడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నా కాళ్ల వైపు చూసి కుర్చీ జరిపాడు.

"కూసోండి పెద్దమ్మా. టైముకు తెచ్చిన్రు. కూత ఆగిందని చానామంది తగ్గిందనుకొని ఇంట్లనే కూసుంటరు. కూత రావాలన్నా లోపలికి జరంత గాలి పోవాలె గదా. అసలే పోకుంటే కూత గూడ ఉండదు. అదే డేంజర్."

అతను ఇంకా ఏదో చెప్తున్నాడు. నాకు వినిపించలేదు. నా చెవుల్లో ఆనాటి గూడ్సు పోతున్నట్టే ఉంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్లు నేను అడిగిన ప్రశ్నకు, పాపం, ఆ పిల్లాడు తెలియకుండానే జవాబు చెప్పేశాడు. ఆ జవాబు పెట్టుకుని ఇప్పుడు నేనేం చేసుకోను? ఎవరికి చెప్పను? బాపు లేడు.

సాయంత్రం గాలిదుమారం లేచింది. వార్డు కిటికీలన్నీ కొట్టుకున్నాయి. మధ్యాహ్నం నేను పిలిచిన గాలేమో, దారిలో గేటు పడి ఆగిందేమో. లేచి కిటికీలు మూశాను.

నా కూతురు ఆఫీసు నుంచి ఉరుకులు పరుగులతో వచ్చింది. పిల్ల నిద్రపోతోంది. ముఖంలో రంగు వచ్చింది. బుగ్గల మీద మాస్కు అచ్చు ఉంది. నేను పిల్ల గుండెల మీద నుంచి చెయ్యి తీయలేదు. చెయ్యి లేస్తోంది, దిగుతోంది.

"ఫోన్ల అడుగుతాంటే ఒక్క మాట చెప్పవైతివి," అని నా మీద కోప్పడింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది, "ఇప్పుడన్న చెప్పు. తగ్గిందా అమ్మా?"

"డాక్టర్ను అడుగు," అన్నాను.

"నీ కండ్ల ముందలనే ఉన్నది గదా. తగ్గిందని చెప్పడానికి నీకేమైతది?"

నేను తల తిప్పుకున్నాను. ఆ మాట నేను నా జన్మలో ఒక్కసారే అన్నాను.